డిమెన్షియా రోగుల గృహ సంరక్షణ

డిమెన్షియా రోగుల గృహ సంరక్షణ అనగా జ్ఞాపకశక్తి, ఆలోచన, నిర్ణయశక్తి క్రమంగా సన్నగిల్లినవారిని కుటుంబ సభ్యులు ఇంటివద్దనే కనిపెట్టుకొని చూసుకోవడం. డిమెన్షియాను తెలుగులో చిత్తవైకల్యం అని కూడా అంటారు. భారతదేశంలో ఈ రోగులలో అత్యధికులు ఇంటివద్దనే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం వీరి సంరక్షణకు వెచ్చించే గంటలలో 70 శాతం స్త్రీలవే. ఈ వ్యాసం ముఖ్యంగా తల్లిని కుమార్తె చూసుకొనే సందర్భానికి సంబంధించినది.

వ్యాధి

డిమెన్షియా ఒకే వ్యాధి కాదు, పలు వ్యాధుల వలన కలిగే స్థితి. వీటిలో ముఖ్యమైనది అల్జీమర్స్ వ్యాధి. దీనిని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ తొలిసారిగా వివరించాడు. మెదడుకు రక్తప్రసరణ లోపించడం మరొక ప్రధాన కారణం. 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పురుషులలో కంటే స్త్రీలలో ఇది ఎక్కువ.

తొలి లక్షణాలను చాదస్తమని, వయసు ప్రభావమని కొట్టివేయడం పరిపాటి. అయితే థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు వలన కూడా ఇటువంటి లక్షణాలే కలుగుతాయి. వీటికి చికిత్స ఉంది కనుక మొదట వైద్య పరీక్ష అవసరం. జ్ఞాపకశక్తిని అంచనా వేసే ప్రశ్నావళులు తెలుగులో కూడా లభిస్తున్నాయి.

ప్రవర్తనలో మార్పులు

సాధారణంగా ఇటీవలి జ్ఞాపకాలు ముందుగాను, పాతవి ఆలస్యంగాను చెరిగిపోతాయి. ఉదయం ఫలహారం చేసిన సంగతి మరచిన తల్లి, తన పెళ్ళినాటి ముచ్చట్లు వివరంగా చెప్పగలదు. "నాకు అన్నం పెట్టలేదు" అని ఇరుగుపొరుగుతో చెప్పడం, సాయంసంధ్య వేళ సొంత ఇంట్లోనే ఉండి "మా ఇంటికి పోతాను" అని పట్టుబట్టడం తరచుగా కనిపించే లక్షణాలు. గాజులు ఎక్కడో దాచి, ఆ సంగతి మరచి, ఎవరో దొంగిలించారని నిందించడం మరొకటి. ఈ నింద ఎక్కువగా నిత్యం దగ్గరుండే వ్యక్తిపైనే, అనగా కుమార్తెపైనే పడుతుంది. వ్యాధి ముదిరినపుడు తల్లి ఆమెను తన అక్కగానో, తన తల్లిగానో భావించి పిలవవచ్చు.

సంరక్షణ పద్ధతులు

* తల్లితో వాదించరాదు. మరణించిన భర్త ఎక్కడని ఆమె అడిగినపుడల్లా ఆ మరణవార్త చెప్పితే, అది ప్రతిసారీ కొత్త దుఃఖమే అవుతుంది. ఆయన గురించిన మాటలలోకి మళ్ళించడం మేలు.
* ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలి. స్నానం, భోజనం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగాలి.
* చేతులకు అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయి. వత్తులు చేయడం, పూలు కట్టడం, గోంగూర ఆకులు తుంచడం, చీరలు మడతపెట్టడం వంటివి చేయించవచ్చు. పని సరిగా రాకపోయినా దిద్దనవసరం లేదు.
* గ్యాస్ పొయ్యి, స్నానాల గది, వీధి తలుపు విషయంలో జాగ్రత్త అవసరం. ఫోను నంబరు గల కార్డు ఆమె వద్ద ఉంచాలి.
* ఒకటి రెండు రోజులలోనే అయోమయం హఠాత్తుగా పెరిగితే మూత్ర సంబంధమైన ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి వంటివి కారణం కావచ్చు. వెంటనే వైద్యుని సంప్రదించాలి.
* మంచం పట్టినవారిని తరచుగా పక్కకు తిప్పకపోతే ఒంటిపై పుండ్లు పడతాయి. ఆహారం కూర్చోబెట్టి, నెమ్మదిగా తినిపించాలి.

వంతుల సమస్య

తెలుగు కుటుంబాలలో వృద్ధులైన తల్లిదండ్రులను సంతానం నెలల వారీగా వంతులు వేసుకొని తమ ఇళ్ళకు తీసుకొనిపోవడం ఉంది. డిమెన్షియా రోగికి ఇది హాని చేయవచ్చు. కొత్త ఇంట్లో స్నానాల గది ఎటు ఉందో, రాత్రి లేచి ఎటు పోవాలో ఆమె నేర్చుకోలేదు. ఒక చోటికి కొంత అలవాటు పడేసరికి మరొక చోటికి పోవలసి వస్తుంది. వీలైనంతవరకు తల్లిని ఒకే ఇంట ఉంచి, తోబుట్టువులే వంతులవారీగా వచ్చి చూసుకోవడం మేలు. కూతురి ఇంట ఉండరాదనే పాత పట్టింపు వలన కొందరు తల్లులు అక్కడ ఉండటానికి ఇష్టపడరు. విదేశాలలోని తోబుట్టువులు డబ్బు పంపగలిగినా, రాత్రి మేలుకొని ఉండే పని సాధారణంగా ఒక్కరిపైనే పడుతుంది.

సంరక్షకురాలి ఆరోగ్యం

నిద్రలేమి, కుంగుబాటు, నడుము నొప్పి సంరక్షకులలో సాధారణం. తల్లిపై విసుక్కొని, తరువాత అపరాధ భావంతో బాధపడటం కూడా సాధారణమే. తల్లి జీవించి ఉండగానే ఆమెను కోల్పోతున్న దుఃఖం కుమార్తెకు కలుగుతుంది. వారానికి కొన్ని గంటలైనా మరొకరు ఆ బాధ్యత తీసుకోవడం సంరక్షణలో భాగమే.

చట్టం

తల్లిదండ్రుల పోషణ బాధ్యత వివాహితయైన కుమార్తెకు కూడా ఉంటుందని 1987లో సుప్రీంకోర్టు విజయా మనోహర్ అర్బత్ కేసులో తీర్పు చెప్పింది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా సంతానం అనే పదంలో కుమార్తెలను చేర్చింది. ఈ చట్టం క్రింద ట్రిబ్యునల్ నెలసరి భత్యం చెల్లించమని ఆదేశించవచ్చు. అయితే దగ్గరుండి చూసుకొనే పనిని తోబుట్టువుల మధ్య పంచే ఏర్పాటు ఇందులో లేదు.

సహాయ సంస్థలు

అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1992లో కేరళలో ప్రారంభమైంది. దీనికి హైదరాబాదులో శాఖ ఉంది. వృద్ధుల సహాయానికి 14567, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లకు ఫోను చేయవచ్చు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 21న ప్రపంచ అల్జీమర్స్ దినం జరుపుతారు.

ఇవి కూడా చూడండి

* అల్జీమర్స్ వ్యాధి
* వృద్ధాప్యం
* జ్ఞాపకశక్తి