రేగడిసీమలో గూడుబండి



మన రాయలసీమ భూస్వాములు చరిత్ర గ్రంథాలలో కోటబురుజుల మీదనో, కత్తి దూసి గుర్రం మీదనో కనబడతారు. వారు ఎద్దులబండి ఎక్కి వియ్యాలవారింటికి పోవడం ఆ గ్రంథాలకు పట్టని సంగతి. నాకు మాత్రం ఆ బండియే ముఖ్యమనిపిస్తుంది. భూమి ఉన్నవాడు ఊరు కదలడని ఒక అపోహ ఉన్నది. నిజానికి భూమియే వాణ్ణి ఊరూరా త్రిప్పింది. శిస్తు, వ్యాజ్యం, సంబంధం, తిరునాళ్ళు - ఈ నాలుగూ లేని రెడ్డిగారిల్లు గాని, కరణంగారిల్లు గాని ఉండేది కాదు.

గడివేముల నుండి నంద్యాల ఇంచుమించు రెండామడల దూరం. బండిమీద ఒక పూట గడుస్తుంది. అయితే ఆ లెక్క ఎండకాలానిది. మాది నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడితే చక్రానికి మట్టి ముద్దలు ముద్దలుగా చుట్టుకొని, ఆకులు కనబడకుండా పోతాయి. ఎద్దులు మోకాళ్ళ మీద పడతాయి. కుందూనది పొంగితే ఈ ఒడ్డువాడు ఈ ఒడ్డుననే, ఆ ఒడ్డువాడు ఆ ఒడ్డుననే. కనుక వానకాలంలో కబురు మనిషి కాలినడకన పోవలసినదే. బండ్లు కదిలేది పంట ఇంటికి వచ్చి, దారి గట్టిపడిన తరువాత. మాఘ ఫాల్గుణాలలో పెళ్ళిళ్ళు, శివరాత్రికి మహానంది, ఫాల్గుణంలో అహోబిల బ్రహ్మోత్సవం - ఈ వరుసకు పంచాంగం ఎంత కారణమో రేగడి మన్నూ అంతే కారణమని నా ఊహ.

దూరం చిన్నదే అయినా రాజ్యాలు వేరు. కోయిలకుంట్ల 1800లో కంపెనీ చేతికి వచ్చి కడప జిల్లాలో చేరింది. నంద్యాల సీమ మాత్రం 1839లో గులాం రసూల్ ఖానును పదవీచ్యుతుణ్ణి చేసేవరకు కందనూరు నవాబుదే. అంటే కోయిలకుంట్ల పిల్ల నంద్యాల వైపు కాపురానికి పోతే ఒక దొరతనం దాటి మరొక దొరతనంలో అడుగు పెట్టినట్లే.

ఆ కాలపు దారులు ఎట్లుండేవో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను ఆశ్రయించాలి. ఆయన భూస్వామి కారు, చెన్నపట్టణం సుప్రీం కోర్టు ఉద్యోగి. 1830 మే నెలలో పల్లకీలో బయలుదేరి మన అహోబిలం, మహానంది, శ్రీశైలాల మీదుగానే ఉత్తరానికి పోయినారు. ఏ మజిలీలో నీళ్ళున్నవి, ఎక్కడ అంగళ్ళున్నవి, శ్రీశైల యాత్రికులవద్ద నవాబు ఎట్లా పన్ను వసూలు చేస్తున్నాడు - అన్నీ వ్రాసినారు. ఆ పల్లకీ తనంతట తాను నడవలేదు. బోయీల భుజాలు నడిపించినవి.

ఇక కోయిలకుంట్ల ఖజానాకు ఎవరు పోవాలన్నది ఎంత పెద్ద ప్రశ్నయో చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి భరణం నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. దానికై 1846లో మనిషిని పంపితే, తహశీల్దారు అవమానించి, రెడ్డినే రమ్మన్నాడని జనంలో ఉన్న కథ. మనిషిని పంపడం హోదా, తాను పోవడం లొంగుబాటు. ఆ జూలైలో ఆయన పోనే పోయినారు, ఖజానా మీదికి! 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరితీశారు. తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నవి. అయినా ఆ కథలో ఈ చిన్న ప్రయాణమే కీలకం కావడం నన్ను ఆలోచింపజేస్తుంది.

ఆడవారి ప్రయాణం మరీ వేరు. సంపన్నుల ఇండ్లలో కొందరికి ఘోషా ఉండేది. గూడుబండికి ముందూ వెనుకా తెరలు, లోపల చొప్ప పరచి పైన బొంత, ఒక మూల జొన్నరొట్టెల సద్దిమూట, ఇరుసుకు ఆముదం. మా అవ్వ తన పుట్టినింటి దారిని చెప్పమంటే చెట్లూ చేమలూ చెప్పేది కాదు. "ఇక్కడ గంటల చప్పుడు మారుతుంది, ఇక్కడ బండి ఎడమకు ఒరుగుతుంది" అని చెప్పేది. చూడని దారిని చెవితో, ఒంటితో గుర్తుపెట్టుకొన్నది.

పదిహేనవ శతాబ్దపు ఇంగ్లండులో నార్ఫోక్ సీమకు చెందిన పాస్టన్ కుటుంబానిదీ ఇటువంటి బ్రతుకే. భూమి తగాదాలకై భర్త జాన్ లండనులో ఉంటే, భార్య మార్గరెట్ ఊళ్ళో ఎస్టేటును కాచుకొన్నది. చక్కెర, ఖర్జూరాలు పంపమనే కోరికలూ, కౌలుదార్ల గొడవలూ ఒకే ఉత్తరంలో కలిసిపోతాయి. ఆమెవి నూరుకు పైగా ఉత్తరాలు నిలిచినవి, చాలావరకు ఇతరులచేత వ్రాయించినవే. మా అవ్వలు తెరవెనుక నుండి కరణంచేత చెప్పి వ్రాయించిన కార్డుముక్కలు ఏ పొయ్యిలో కాలినవో! (మనం వాడే 'టపా' మాట కూడా దారి నడిచే ఆ తపాలా బంట్రోతుదే సుమా.)

1880ల చివర నంద్యాలకు రైలు వచ్చింది. గడివేముల బండ్లకు పాణ్యం స్టేషను గమ్యమయింది. కర్నూలు కోర్టు దగ్గరయింది, వ్యాజ్యాలూ దగ్గరయినవి. కోయిలకుంట్ల, నొస్సం వైపు రైలు కూత వినబడింది మాత్రం 2016లో, ఎర్రగుంట్ల మార్గం మొదలయిన తరువాతనే. అహోబిల స్వామి ఇప్పటికీ రైలెక్కడు. కనుమనాడు పారువేటకు పల్లకీలో బయలుదేరి, ముప్పైకి పైగా గ్రామాలు తిరిగి తన పెళ్ళికి తానే పిలుస్తాడు, మోసేది బోయీలే.