టెండరు పెట్టె పోయింది, ఎస్టిమేటు మిగిలింది

ప్రభుత్వ కొనుగోళ్ళు ఎలా బాగుపడ్డాయో చెప్పే కథ మన దగ్గర ఒకే తీరుగా సాగుతుంది. ఒకప్పుడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆఫీసులో టెండరు పెట్టె ఉండేది. దాని చుట్టూ కాంట్రాక్టర్ల మనుషులు కాపలా కాసేవారు. బయటివాడు షెడ్యూలు వెయ్యకుండా అడ్డుకునేవారు, రింగై పనులు పంచుకునేవారు. 2003లో ఆంధ్రప్రదేశ్ దేశంలోని రాష్ట్రాలన్నిటికన్నా ముందు ఇ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ తెచ్చింది, పెట్టె మాయమైంది, రోగం కుదిరింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే సగం మంది మనుషులు కనబడరు. ఏం కొనాలో రాసినవాళ్ళు, ధర కట్టినవాళ్ళు, కొలిచి కొలతల పుస్తకం (ఎం-బుక్కు)లో ఎక్కించినవాళ్ళు ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు? శ్రీకాకుళం తీరంలోని పలాస, టెక్కలి, ఉద్దానం వైపు నుంచి చూసేవారికి ఈ ప్రశ్నే ముందు తగులుతుంది.

తొలి దశలు తెలిసినవే. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తకు తెచ్చుకుంది. మడిలో ఉప్పు పండించేవాడికి కొనుగోలుదారు సర్కారొక్కటే అయింది. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా ఉద్దానం గంజాం జిల్లాలోది, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలోది. పాలన చేతులు మారినా పద్ధతులు మద్రాసువే. పనులకు ‘డి’ కోడు, లెక్కలకు ‘ఎ’ కోడు ఇప్పటికీ ఆ వారసత్వమే.

శిక్షణ కూడా అక్కడిదే. 1929 చట్టంతో వచ్చిన మద్రాసు సర్వీసు కమిషన్ చూసిన పనుల్లో శాఖాపరమైన పరీక్షలు ఒకటి. ఇవాళ ఎ.పి.పి.ఎస్.సి. జరిపే ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు, గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, పబ్లిక్ వర్క్స్ అకౌంట్స్ టెస్టు ఆ కొమ్మకు కాసినవే. చాలా పేపర్లు పుస్తకం చూసి రాసేవే. ఏ నియమం ఏ పేజీలో ఉందో వేలుపెట్టి చూపగలిగితే గట్టెక్కుతారు. ఈ పరీక్షను తక్కువ చేయను. ఆడిటు అభ్యంతరానికి జవాబు రాయడం నేర్పింది అదే. కానీ ఒక నీటిశుద్ధి యంత్రానికి స్పెసిఫికేషన్ ఎలా రాయాలో, వచ్చిన సరుకును ఎలా పరీక్షించి తీసుకోవాలో అది నేర్పదు.

ఇక 2003. అధికారిక లెక్క ప్రకారం టెండరుకు 90 నుంచి 135 రోజులు పట్టేది కాస్తా ఏడాదిలో 42 రోజులకు, ఆ తర్వాత 35కు దిగింది. పోటీ పెరిగింది, లెస్సులు పెరిగాయి. వీటిని నేను నమ్ముతాను. లెస్సును ఆదాగా లెక్కకట్టడం దగ్గరే పేచీ. పదిహేను శాతం లెస్‌కు పని పోయిందంటే, ప్రామాణిక రేట్ల పట్టిక (ఎస్.ఎస్.ఆర్.)తో ఇంజనీరు కట్టిన ఎస్టిమేటు కన్నా అంత తగ్గిందని మాత్రమే. ఎస్టిమేటే ఉబ్బి ఉంటే ఆదా కాగితం మీదిది. సరిగ్గా ఉంటే ఆ పదిహేను శాతం సిమెంటులోనో ఇసుకలోనో తేలుతుంది. రెండింటిలో ఏది జరిగిందో పోర్టల్ చెప్పలేదు. పని దగ్గర నిలబడ్డ అసిస్టెంటు ఇంజనీరే (ఎ.ఇ.) చెప్పాలి.

పైగా 2003లో వచ్చింది పోర్టల్ ఒక్కటే కాదు. జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవో టెండరు నియమాలను తిరగరాసింది. శాఖకొక తీరుగా ఉన్న పద్ధతులను ఒక దారికి తెచ్చారు, అధికారులకూ కాంట్రాక్టర్లకూ డిజిటల్ సంతకం మొదలు అన్నీ కూర్చోబెట్టి నేర్పారు. ఫలితాన్ని యంత్రం ఖాతాలో వేసి ఈ మానవ శ్రమను ఫుట్‌నోట్ చేశారు. అయితే ఆ నేర్పింది కూడా తెరమీద ఏ బటన్ నొక్కాలన్నంతవరకే. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు చట్టాలే చేసుకున్నాయి. మనం జీవోలతో నడిపాం. జీవో మారితే నేర్చుకున్నదీ మారుతుంది.

ఈ తీరానికి ఇంకో బడి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది తుపాను. 1996 తుపాను తర్వాతి పునరుద్ధరణ ప్రాజెక్టు, 2010లో మంజూరైన జాతీయ తుపాను ముప్పు నివారణ ప్రాజెక్టు, హుద్‌హుద్ తుపాను తర్వాత 2015లో శ్రీకాకుళంతో కలిపి నాలుగు జిల్లాలకు వచ్చిన 25 కోట్ల డాలర్ల ప్రాజెక్టు, మూడూ ప్రపంచ బ్యాంకు అప్పులే. అప్పుతోపాటు బ్యాంకు తన కొనుగోలు నియమాలను, వాటిని చదివిన మనిషి ఒకరు ఉండాలన్న షరతును తెచ్చింది. మన ఇంజనీర్లకు కొనుగోలు ఒక విద్య అని, ఏడాది ముందే దానికి ప్రణాళిక వేసుకోవాలని చెప్పింది తుపాను షెల్టర్లూ రోడ్లూ కట్టిన ఈ ప్రాజెక్టులేనని నా అభిప్రాయం. పూర్తిగా మెచ్చుకోలేను. ఆ విద్య ప్రాజెక్టు ఆఫీసులకే పరిమితమైంది; గడువు ముగిశాక నేర్చినవారు తలో శాఖకు వెళ్ళిపోయారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని చీల్చుకుంటూ వచ్చినప్పుడు అవసరమైంది జనరేటర్లు, స్తంభాలు, నీళ్ళ ట్యాంకర్లు. అవి రాత్రికి రాత్రి కావాలి, టెండరు పిలిచే తీరిక ఉండదు. రేటు ముందే ఖరారు చేసి ఉంచుకునే ఒప్పందాలు చేసుకోవడం ఇలాంటి చోట మొదటి పాఠం కావాలి.

అసలు పరీక్ష కిడ్నీ జబ్బు ప్రబలిన ఉద్దానంలో తాగునీళ్ళ దగ్గర ఎదురైంది. నల్లగొండ నీళ్ళలో సమస్య ఫ్లోరైడ్ అని తెలుసు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని తెలుసు. స్పెసిఫికేషన్ రాసే పని అక్కడే సగం అయిపోతుంది. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రం తేల్చలేదు. ఏ పదార్థాన్ని తీసెయ్యాలో తెలియకుండానే ఆర్.ఓ. ప్లాంట్లు కొన్నారు. కొనకుండా ఉండాల్సిందని అనను. జనం చచ్చిపోతుంటే ఆగలేరు. కానీ ఇలాంటి కొనుగోలులో యంత్రం ధర చిన్న విషయం. మెంబ్రేన్ ఎన్నాళ్ళకు మార్చాలి, వదిలేసిన నీరు ఎక్కడికి పోవాలి, నీటిని ఎవరు పరీక్షించాలి, ఆగిపోతే ఎన్ని గంటల్లో బాగుచెయ్యాలి, ఇవే ఒప్పందానికి ప్రాణం. అతి తక్కువ ధర (ఎల్-1) చూసి ఇచ్చే అలవాటులో ఇవన్నీ అడుగున పడిపోతాయి.

తర్వాత దారి మారింది. హిరమండలం జలాశయం నుంచి ఏడు మండలాల్లోని 807 గ్రామాలకు రూ.700 కోట్లతో నీళ్ళు తెచ్చే సుజలధార పథకానికి 2019 సెప్టెంబరు 6న శంకుస్థాపన, 2023 డిసెంబరు 14న ప్రారంభోత్సవం జరిగాయి. అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఈ నడుమే టెండరు తెరిచాక ధర ఇంకా తగ్గించడానికి మళ్ళీ పోటీ పెట్టే రివర్స్ టెండరింగ్, నూరు కోట్లు దాటిన పనులకు టెండరుకు ముందే న్యాయ పరిశీలన వచ్చాయి; 2024లో ప్రభుత్వం మారి రివర్స్ టెండరింగ్ పోయింది. పెట్టడంలోనూ తియ్యడంలోనూ వాదమంతా ధర చుట్టూనే తిరిగింది. డయాలిసిస్ యంత్రానికి ఐదో ఏట విడిభాగాలు ఎవరివ్వాలన్నది ఎవరి ఎజెండాలోనూ లేదు.

ఈలోగా కొనేవాళ్ళ సంఖ్య పెరిగిపోయింది. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు వచ్చారు. అదే ఏడాది నవంబరులో మొదలైన, బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో బడి పనులు తల్లిదండ్రుల కమిటీలకు అప్పజెప్పారు. లెక్కల మేష్టారు సిమెంటు బిల్లులు సర్దుకున్నారు. వారిలో కొందరు ఆ పని బాగా చేశారు కూడా. పైనున్న ఇంజనీరు కన్నా బడి గోడ ఎలా ఉండాలో వారికే ఎక్కువ పట్టింపు. పట్టింపు ఉన్నచోట శిక్షణ తొందరగా పడుతుంది. ఆ అనుభవాన్ని రాసిపెట్టి పాఠం చేసి ఉంటే జిల్లాకు తనదైన పాఠ్యపుస్తకం వచ్చేది.

ఇప్పుడు పైనుంచి వస్తున్న పాఠాలకు కొదవలేదు. కేంద్రం 2017 ఆర్థిక నియమావళి, దాని వెంట కొనుగోలు మాన్యువళ్ళు, 2021 అక్టోబరులో కేవలం తక్కువ ధరనే చూడక్కర్లేదన్న కేంద్రం మార్గదర్శకాలు, కర్మయోగి ఆన్‌లైన్ కోర్సులు వచ్చాయి. కోర్సు చూసినట్టు సర్టిఫికెట్ వస్తుంది, సర్వీసు రిజిస్టరుకు అది చాలు. మంచి బోధన హైదరాబాదులోని స్టాఫ్ కాలేజీల్లో ఉండేది. రాష్ట్రం విడిపోయాక బాపట్ల సంస్థ మిగిలింది. పలాస ఎ.ఇ.కి అంత దూరం రైలెక్కి వెళ్ళడమూ కష్టమే, వెళ్ళొచ్చేలోపు బదిలీ కాకుండా ఉండడమూ కష్టమే. 2022లో పలాస రెవెన్యూ డివిజన్ అయింది. టెక్కలి ముందునుంచీ ఉంది. రెండు డివిజన్ల నీటి, వైద్య, పంచాయతీరాజ్ ఇంజనీర్లను టెక్కలిలోనే కూర్చోబెట్టి, పాత ఆర్.ఓ. ఒప్పందాన్నొకదాన్ని ముందు పెట్టి, ఏ షరతు ఎక్కడ తప్పిందో వాళ్ళ చేతే గీయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అలాంటి తరగతికి శాఖాపరమైన పరీక్షలో ఒక్క మార్కైనా ఇవ్వడానికి కమిషన్ ఒప్పుకోవాలి. అంతవరకు కుర్ర ఇంజనీర్లు కోడు పుస్తకంలో పేజీలే వెతుకుతారు.