నీళ్ళు మార్చినవాళ్ళు

1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండు తీరంలోని టార్కీ నుంచి కొన్ని పగడపు జీవుల్ని లండన్ తెచ్చుకుంది. దారిలో జాడీ గోడలకి కొట్టుకుని చావకుండా వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టింది. ఇల్లేమో వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి ఆవరణలో. అక్కడికి సముద్రం రాదు, తెప్పించుకున్న నీళ్ళు ఊరికే నిలవుంటే చెడతాయి. అందుకని తెరిచిన కిటికీ ముందు, టీ కొట్టువాడు టీ తిరగబోసినట్టు, ఆ ఉప్పునీళ్ళని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ధారగా పోయించేది. ఒక్కోసారి ముప్పావుగంట. పోసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిపిల్ల. ఆ పిల్లకి అదో సరదాగా ఉండేదని అమ్మగారు తర్వాత రాసుకుంది.

ముప్పావుగంట నీళ్ళు తిరగబోయడం ఏపాటి సరదాయో నాకు తెలుసు. విశాఖపట్నంలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైనవాణ్ణి. ప్రాక్టికల్స్ ఉన్న వారం లాసన్స్ బే నుంచి డబ్బాలతో సముద్రపు నీళ్ళు తేవడం నా పనే. ఒడ్డున నురగలో ముంచితే సగం ఇసకే వస్తుంది. నడుములోతుకి దిగి, అల వెనక్కి తగ్గినప్పుడు ముంచాలి. తెచ్చాక పల్చటి పంచెగుడ్డలో వడగట్టి, గోనెపట్టా కప్పి చీకట్లో పెట్టేవాళ్ళం. వెలుగు తగిలితే పచ్చబడిపోతుంది. రాళ్ళ గుంటల్లో పట్టుకొచ్చిన సన్యాసి పీతలు, అంటే ఖాళీ గుల్లల్లో కాపురముండే హెర్మిట్ క్రాబ్‌లు, ఆ నీళ్ళలో బాగానే బతికేవి. పిల్లలు బొమ్మ గీసుకుని మార్కులు తెచ్చుకునేవారు.

అక్వేరియం చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా గాజు గురించి రాస్తారు. వార్డ్ అనే డాక్టరు గాజుపెట్టెలో మొక్కలు పెంచాడనీ, 1845లో ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేశారనీ, దాంతో పెట్టెలు చవకయ్యాయనీ చెబుతారు. నిజమే. కానీ గాజు చూపించడానికి పనికొస్తుంది, బతికించేది నీళ్ళు. నీళ్ళు వాటంతటవి బాగుండవు.

బాగుంటాయని నమ్మించినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్టు. రెండు బంగారు చేపలు, కొంచెం నీటిగడ్డి, కుళ్ళింది తినడానికి నత్తలు. వీటిని ఒకచోట పెడితే మొక్క వదిలిన ప్రాణవాయువు చేపకి సరిపోతుంది, నీళ్ళు మార్చే పనే లేదని 1850లో ప్రకటించాడు. లెక్క చూస్తే సొగసుగా ఉంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకం వేశాడు. ఇక దొరల ఇళ్ళల్లో ట్యాంకు లేకపోతే పరువు తక్కువ అన్నట్టయింది. గాస్ చూపు గొప్పది. సన్యాసి పీత ఉన్న గుల్లలోనే ఒక సముద్రపు పురుగు కాపురముండి, పీత నోటిదాకా వచ్చిన ముద్దని లాక్కోవడం చూసి రాశాడు. ఉప్పు, ఎప్సమ్ సాల్టు, మరో రెండు లవణాలు మంచినీళ్ళలో కలిపి ఇంట్లోనే సముద్రం తయారు చేసుకునే లెక్క కూడా ఇచ్చాడు. అయినా డ్రాయింగ్ రూముల్లో ట్యాంకులు పచ్చబడ్డాయి, కంపుకొట్టాయి. వారింగ్టన్ చెప్పిన ఆ సమతూకం మీద భరోసాతో పనివాళ్ళని వద్దనుకున్నవాళ్ళ పీతలు చచ్చాయి.

ఈ కథలో నాకు నచ్చినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. పెద్ద చదువుల మనిషి కాదు. పుస్తకాల కొట్లో గుమాస్తాగా ఉండి, తర్వాత లండన్‌లో అక్వేరియం సరుకుల దుకాణం పెట్టాడు. సముద్రపు నీళ్ళు కూడా అమ్మాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియం కట్టినప్పుడు జనానికి కనిపించే ట్యాంకుల కంటే కొన్ని రెట్లు పెద్ద తొట్టిని నేల కింద, చీకట్లో పెట్టి, అక్కణ్ణించి పంపులతో రాత్రీ పగలూ నీళ్ళు తిప్పాడు. మేం గోనెపట్టా కింద చేసిన పనే, కాకపోతే ఆవిరియంత్రంతో.

మనవైపు 1909లో మద్రాసు మెరీనా మీద అక్వేరియం తెరిచారు. దేశంలో జనం చూడ్డానికి పెట్టినవాటిలో అదే మొదటిదంటారు. తలపెట్టింది మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్. మనవాళ్ళు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ, జంతువుల తోటని బతికిన కాలేజీ అనేవారు. అలా చూస్తే చచ్చిన కాలేజీవాళ్ళే సముద్రం పక్కన ఇంకో బతికిన కాలేజీ పెట్టారన్నమాట. థర్స్టన్ తర్వాత మ్యూజియానికి వచ్చిన జె.ఆర్. హెండర్సన్, చాలెంజర్ ఓడ లోకమంతా తిరిగి పోగుచేసిన సన్యాసి పీతల మీద, వాటి దాయాదుల మీద 1888లో పెద్ద గ్రంథమే రాసినవాడు. తర్వాత అక్వేరియం చేపల శాఖకి పోయింది, రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో మూతపడింది.

ఇదంతా నీళ్ళలో ఉండే పీతల సంగతి. నేలమీద తిరిగే సన్యాసి పీతది ఇంకో గొడవ. 1970ల నుంచి అమెరికా సముద్రతీరపు ఊళ్ళల్లో, ఒడ్డు వెంబడి చెక్క నడకదారి (బోర్డువాక్) దుకాణాల్లో, వైరు పంజరంలో పెట్టి, గుల్లకి రంగులేసి పిల్లలకి అమ్మడం మొదలైంది. ఫ్లోరిడా, కరీబియన్ తీరాల్లో పట్టుకొచ్చినవి. నేలమీద ఉంటుంది కదా, నీళ్ళెందుకని ఒక మూకుడంత పళ్ళెంలో తడి స్పాంజి పెట్టేవారు. థిన్ గారి స్పాంజి ప్రయాణం కోసం. ఈ స్పాంజి మాత్రం రోజుల తరబడి నాని, పాచిపట్టి, సూక్ష్మజీవులకి ఇల్లయ్యేది. పంజరంలో గాలి పొడి. పీతకి ఉన్నవి మొప్పలే, తడి ఆరితే ఊపిరాడదు. అదే కాలంలో, 1973లో, డి విల్డే అనే డచ్చి శాస్త్రవేత్త కురసావ్ దీవిలో చూసి, సరిగ్గా ఈ పీతల నీటి లెక్క మీద పుస్తకమంత వ్యాసం అచ్చేశాడు. దుకాణాల్లో ఎవరూ చదివినట్టు లేదు.

ఆ నీటి లెక్క చూడముచ్చటైనది. న్యూజెర్సీలో మా మనవరాలి ట్యాంకు ముందు కూర్చుని చూశాను. పీత ఎడమ డెక్క పెద్దది, ఊదారంగు, తలుపులా గుల్ల గుమ్మం మూయడానికి. తాగడానికి చిన్నదైన కుడి డెక్క. దాని కొనతో చుక్క ఎత్తి నోటికి పెట్టుకుంటుంది. కాసేపటికి మొత్తం దిగి, గుల్ల ముంచి, లోపలికి నీళ్ళు పట్టించుకుని బరువుగా ఎక్కుతుంది. ఆ నీళ్ళు మెత్తటి పొట్టని తడిగా ఉంచుతాయి. ఉప్పునీళ్ళు కొన్ని, మంచినీళ్ళు కొన్ని పట్టించుకుని గుల్లలో తనకి కావలసిన పాకం తానే కుదుర్చుకుంటుంది. కాబట్టి మడుగులు రెండు కావాలి.

మడుగు కట్టడంలో మెళకువలు పెంపకందారులు ఏళ్ళ తరబడి పీతల్ని పోగొట్టుకుంటూ నేర్చుకున్నవి. డబ్బాని ఇసక మీద పెట్టకూడదు, ట్యాంకు అడుగు గాజు మీద ఆనించి చుట్టూ ఇసక పోయాలి. లేకపోతే కిందికి తవ్వుకుపోయి, పొర విడవడానికి మెత్తగా పడుకున్న పీత మీదికి డబ్బా కుంగుతుంది. లోతు అన్నిటికంటే పెద్ద పీత మునిగేంత. ఎక్కి రావడానికి ప్లాస్టిక్ వల మెట్టో, గులకరాళ్ళ కుప్పో ఉండాలి, పట్టు దొరక్కపోతే మునిగి చస్తుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ తీసెయ్యాలి. ఉప్పు వంటింటిది కాదు, అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు. చిన్న ఎయిర్ పంపు బుడగలు వదులుతూ ఉంటుంది, కిటికీ ముందు పనిపిల్ల చేసిన పని ఇప్పుడు దానిది. అయినా పీతలు ఇసక తెచ్చి పోస్తాయి, తిండి పడేస్తాయి. మడుగు ఖాళీ చేసి కడగాల్సిందే. ట్యాంకు మనవరాలిది, కడిగేది వాళ్ళమ్మ.

ఈమధ్య కొందరు ఇంకో అడుగు వేశారు. ఆడపీత గుడ్లు సముద్రంలో వదలాలి, పిల్లలు ఈదుతూ ఎన్నో వారాలు గడిపి, చిన్న గుల్ల వెతుక్కుని నేలకి ఎక్కాలి. అందుకే అమ్మకానికొచ్చే పీతలన్నీ దాదాపు తీరాల్లో పట్టుకొచ్చినవే. అమెరికాలో కొందరు ఇళ్ళల్లోనే ఆ పిల్లల్ని పెంచి ఒడ్డుకి చేర్చగలిగారు. కంటికి నలుసంత పిల్లలు, తిండి మిగిలితే నీళ్ళు పాడవుతాయి, పాడైతే అన్నీ పోతాయి. పంపు గట్టిగా పెడితే పిల్లల్ని తనలోకి లాక్కుంటుంది. దాంతో సన్నటి గొట్టంతో అడుగునున్న మడ్డి తీసి, ఒక్కొక్క పిల్లనీ డ్రాపరుతో కొత్త నీళ్ళలోకి మార్చడం మళ్ళీ చేత్తోనే, రోజూ.