సుఖోయ్ యుద్ధ విమానాల విడిభాగాల మరమ్మతుకు దేశీయ ఏర్పాట్లు

భారత వాయుసేన బలం విమానాల సంఖ్యపైనే గాక, వాటిలో ఎన్ని ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. సుఖోయ్-30 ఎంకేఐ విమానాలలో 75 శాతం సిద్ధంగా ఉండవలసి ఉండగా, 55 నుండి 60 శాతం మాత్రమే ఉన్నట్లు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2015లో పార్లమెంటుకు సమర్పించిన నివేదిక పేర్కొన్నది. విడిభాగాల కొరత ఇందుకొక ముఖ్య కారణం.

లోపమేర్పడిన పరికరాన్ని తొలగించి, నిల్వలోని మరొక దానిని అమర్చి విమానాన్ని తిరిగి వినియోగంలోకి తెస్తారు. తొలగించిన పరికరం మరమ్మతై నిల్వకు చేరాలి. దానిని విదేశానికి పంపవలసి వస్తే జాప్యం పెరిగి, నిల్వ తరిగిపోతుంది. ఒక్క పరికరం లేక విమానం నేలపైనే నిలిచిపోతుంది.

ఈ పరిస్థితిని చక్కదిద్దేందుకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్‌ఏఎల్) 2017 మార్చిలో రష్యాకు చెందిన యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్, యునైటెడ్ ఇంజన్ కార్పొరేషన్‌లతో విడిభాగాలు, సాంకేతిక సహాయానికి దీర్ఘకాలిక ఒప్పందాలు కుదుర్చుకున్నది.

నాసిక్ సమీపంలోని ఓఝర్‌లో గల వాయుసేన 11వ బేస్ రిపేర్ డిపో తాను సమగ్ర మరమ్మతు చేసిన తొలి సుఖోయ్‌ను 2018లో అప్పగించింది. ఒడిశాలోని కోరాపుట్‌లో హెచ్‌ఏఎల్ ఈ విమానాల ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లను తయారు చేస్తున్నది. వాటిలో 240 ఇంజన్లకు రక్షణ మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో రూ.26,000 కోట్లకు పైబడిన కాంట్రాక్టు కుదుర్చుకున్నది.

2022లో ఉక్రెయిన్ యుద్ధం ఆరంభమైన అనంతరం రష్యా సరఫరాలపై అనిశ్చితి ఏర్పడటంతో దేశీయ మరమ్మతుకు ప్రాధాన్యం మరింత పెరిగింది.