చెల్లిన కాలం, చెల్లని సిక్కా

కరీంనగర్ జిల్లా చొప్పదండి వైపు ఎవరైనా పాత సంగతి ఎత్తితే ‘గా నిజాం జమానా ముచ్చట ఇప్పుడెందుకు’ అని కొట్టిపారేస్తారు. జమానా అంటే కాలమే. అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన నోట పడింది. కోస్తావాళ్లు ఇదే పనికి పాతచింతకాయ పచ్చడిని వాడుకుంటారు. పాతబడ్డకొద్దీ రుచి తేలే పచ్చడికి ఆ నింద ఎందుకో!

అచ్చులో మాత్రం అందరిదీ ఒకటే మాట: కాలం చెల్లిన. మందులకూ అదే, చట్టాలకూ అదే. ఇందులోని ‘చెల్లు’ తిరకాసు క్రియ. రూపాయి చెల్లితే బజార్లో నడుస్తున్నట్టు, బాకీ చెల్లితే తీరిపోయినట్టు, కాలం చెల్లితే ముగిసిపోయినట్టు. నడవడానికీ ముగియడానికీ ఒకటే మాట!

ఈ తిరకాసంతా నిజాం నాణెంలో కనిపిస్తుంది. హైదరాబాద్ రాజ్యపు రూపాయిని హాలీ సిక్కా అనేవారు. ‘హాల్’ అంటే వర్తమానం. హాలీ సిక్కా అంటే ఇప్పుడు నడిచే నాణెం అని. బ్రిటిష్ రూపాయి పేరు కల్దార్, అంటే యంత్రం మీద అచ్చయినది. ఏడు హాలీ రూపాయలు ఇస్తే సుమారు ఆరు కల్దార్లు వచ్చేవి. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద చార్మినార్ ఉండేది. దాని వాకిట్లో ఉర్దూలో ఆయన పేరుకు మొదటి అక్షరమైన ‘ఐన్’ చెక్కించారు. రాజు అందులో నిలబడ్డట్టే.

1948 సెప్టెంబర్‌లో రాజ్యం పోయింది. సిక్కా వెంటనే పోలేదు. ఇండియన్ రూపాయి పక్కన ఇంకొన్నేళ్లు నడిచి 1959లో రద్దయింది. ‘ఇప్పటిది’ అని పేరున్న నాణెమే పాతకాలపుదైంది. దుకాణంలో చెల్లకపోయినా ఔసలాయన త్రాసు మీద వెండి వెండే కదా!

నిజాం జమానావన్నీ ఇలా పోలేదు. కరీంనగర్ రైతు తన పొలాన్ని ఇవాళ్టికీ తరీ (తడి), ఖుష్కీ (మెట్ట) అని చెబుతాడు. భూమి లెక్కల పత్రానికి వాడే పహాణీ మాట కూడా ఆ దఫ్తర్లదే. భూమి తగాదా వస్తే వెతికేది 1954-55 కాస్రా పహాణీనే. దాన్ని కాలం చెల్లిన కాయితమని తహసీల్ ఆఫీసులో ఎవరూ అనరు.