గుడియాత్తం ప్రాంతంలో పరభాషా బోధన – ఒక చారిత్రక పరిశీలన

గుడియాత్తం అనే పేరును తెలుగువారు 'గు' అనే అక్షరంతో వ్రాస్తారు. తమిళ లిపిలో అదే పేరు 'కు' అనే అక్షరంతో మొదలవుతుంది. ఆ లిపిలో క, గ లకు వేరు వేరు అక్షరాలు లేవు. ఆంగ్లంలో వ్రాసినపుడు మరల 'జి' ముందు నిలుస్తుంది. స్వగ్రామం పేరు వ్రాయడం నేర్చుకొనేసరికే ఇచ్చటి తెలుగు పిల్లలు మూడు లిపులను ఎదుర్కొనవలసి వస్తున్నది. ఇంట తెలుగు, వీధిలో తమిళం, ఉర్దూ, తరగతిలో ఆంగ్లం – ఇది ఈ ప్రాంతపు సహజస్థితి. కావున తెలుగు మాధ్యమ పాఠశాల ప్లాటినం జూబ్లీ జరుపుకొంటున్న ఈ శుభవేళ, తెలుగుతో పాటు పరభాషలు ఇచ్చట ఎట్లు బోధింపబడినవో కూడా తెలుసుకొనడం ఉచితం.

ఒకప్పుడు చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా పలు తాలూకాలు అటు చేరాయి. గుడియాత్తం ఉత్తర ఆర్కాడులోనే మిగిలింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించిన పిదప ఆ జిల్లా సరిహద్దే రాష్ట్ర సరిహద్దు అయింది. తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న కుటుంబాలు ఉన్నచోటనే ఉండి భాషాల్పసంఖ్యాకులయ్యాయి. మాతృభాషలో చదువు అంతవరకు అలవాటు; ఆపైన అది కాపాడుకొనవలసిన హక్కు అయింది.

ప్రతిపదార్థ పద్ధతి

ఈ ప్రాంతానికి ఆంగ్లవిద్య ప్రధానంగా మిషనరీల ద్వారా వచ్చింది. అమెరికాకు చెందిన ఆర్కాట్ మిషన్ 1853లో ఏర్పడి, తమిళ, తెలుగు ప్రాంతాలు రెండింటా పాఠశాలలను నెలకొల్పింది. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ వేలూరులోని వూర్హీస్ కళాశాలలో చదివిన పిమ్మటనే మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళారు.

ఆనాటి బడులలో ఆంగ్లాన్ని వ్యాకరణ సూత్రాలతోను, అనువాదంతోను నేర్పేవారు. ఉపాధ్యాయుడు వాక్యాన్ని చదివి, ఒక్కొక్క మాటకు అర్థం చెప్పి, చివర భావం చెప్పేవాడు. కావ్యపాఠంలో ప్రతిపదార్థ తాత్పర్యాలకు అలవాటుపడిన పండితులకు ఇది కొత్త కాదు. శ్రద్ధగల విద్యార్థికి ఈ పద్ధతి చదివే శక్తిని, వ్రాసే శక్తిని ఇచ్చింది. మాట్లాడే శక్తిని మాత్రం చాలమందికి ఇవ్వలేకపోయింది. పరభాష సజీవులు మాట్లాడుకొనే భాష అన్న సంగతి తరగతిగదిలో మరుగున పడింది.

యూరపు నుండి పర్లాకిమిడికి

ఈ లోపాన్ని యూరపు ముందుగా గుర్తించింది. 1882లో జర్మనీలో విల్‌హెల్మ్ ఫియేటర్ ఒక చిన్న పుస్తకంతో భాషాబోధనను మొదటినుండి మార్చాలని పిలుపునిచ్చాడు. 1899లో ఇంగ్లండులో హెన్రీ స్వీట్ భాషాధ్యయన పద్ధతులపై ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించాడు. నేటి వాడుక భాషను ముందు నేర్పాలి, చెవికీ నోటికీ మొదట పని కల్పించాలి, విడిమాటలకు బదులు వాక్యాలతో ఆరంభించాలి – ఇవీ వారు బోధించిన సూత్రాలు.

ఫ్రెంచి, జర్మను వంటి భాషలను నేర్పడానికి పుట్టిన ఈ ఆలోచన తెలుగునాట అనూహ్యమైన మార్పుకు కారణమయింది. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, పుస్తకాలలోని తెలుగుకు, ప్రజలు మాట్లాడే తెలుగుకు గల దూరాన్ని చూచి ఆశ్చర్యపడ్డాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి ఈ ప్రశ్నను అందుకొని, స్వీట్ వంటి శాస్త్రజ్ఞుల గ్రంథాలను పరిశీలించారు. సజీవభాషను నేర్పే తీరు ఆంగ్లానికి ఒకటి, తెలుగుకు వేరొకటి కారాదని గ్రహించారు. గురజాడ అప్పారావు, విశాఖపట్నం కళాశాల అధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ఉద్యమంలో తోడు నిలిచారు. వీరిలో అయ్యంగారు తమిళులు కావడం ఈ సరిహద్దు ప్రాంతవాసులు గుర్తుంచుకొనదగిన విశేషం.

వివాదం మద్రాసుకు చేరింది. 1912–13లో స్కూలు ఫైనలు వ్యాసరచనను వాడుకభాషలో కూడా వ్రాయవచ్చునని అనుమతి లభించింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు తీవ్రంగా ప్రతిఘటించారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించినా, 1915లో ఆ అనుమతి రద్దయింది. నాడు గుడియాత్తం కూడా మద్రాసు రాజధానిలోనిదే గనుక ఈ నిర్ణయాలు ఇచ్చటి తెలుగు విద్యార్థులకూ వర్తించాయి.

గిడుగు అంతటితో ఆగలేదు. సవరభాషను స్వయంగా నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే పాఠాలు సిద్ధం చేశారు. 1931లో వారి సవరభాషా వ్యాకరణం వెలువడింది. సవర పిల్లలకు తెలుగే పరభాష అని ఒక తెలుగు ఉపాధ్యాయుడు గుర్తించడం ఈ చరిత్రలో మిక్కిలి విలువైన ఘట్టం.

స్వాతంత్ర్యానంతర ప్రయత్నాలు

1954లో ముఖ్యమంత్రి పదవి చేపట్టిన కామరాజ్, ఆ సంవత్సరమే గుడియాత్తం ఉపఎన్నికలో గెలుపొంది శాసనసభకు వెళ్ళారు. ఆయన పాలనలో విస్తరించిన పాఠశాలలు, మధ్యాహ్న భోజన పథకం అక్షరమెరుగని కుటుంబాల పిల్లలను సైతం బడికి తెచ్చాయి. మాతృభాషలో చదివే ఈ పిల్లలకు ఆంగ్లం ఇక మాధ్యమం కాదు; ఒక పాఠ్యాంశం మాత్రమే. దానిని నేర్పగల వారేరీ?

ఈ అవసరం నుండే 1950ల చివర మద్రాసు రాష్ట్రంలో ఒక పెద్ద ప్రయత్నం సాగింది. బ్రిటిష్ కౌన్సిల్ సహకారంతో, ఆరంభ తరగతులలో ఆంగ్లం చెప్పే 27,000 మంది ఉపాధ్యాయులకు తిరిగి శిక్షణ నిచ్చుట దాని లక్ష్యం. కొందరికి నేర్పితే వారు మరికొందరికి, ఆ మరికొందరు ఇంకెందరికో నేర్పే ఏర్పాటది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ స్థాపింపబడింది. వాక్యనిర్మాణ పద్ధతి బడులలో ప్రవేశించింది. ఉపాధ్యాయుడు పుస్తకం చేతబట్టి 'దిస్ ఈజ్ ఎ బుక్' అంటే తరగతి అంతా ఒక్క గొంతుగా పలికేది. నోరు కదిలిందన్నది నిజం. కాని అప్పగించిన వాక్యం దాటి సొంతమాట పలుకవలసి వస్తే పిల్లలు తడబడ్డారు.

ఆ లోపాన్ని సవరించడానికి ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య బెంగుళూరు, మద్రాసు మున్నగు చోట్ల సామాన్య పాఠశాలలలోనే ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణాంశాల వరుసను ప్రక్కనపెట్టి, రైళ్ళ సమయపట్టిక చూచి ఏ బండి ఎక్కాలో తేల్చడం, పటం చూచి దారి చెప్పడం వంటి పనులను పిల్లలకిచ్చారు. మనసు అర్థంపై నిలిచినపుడు భాష వెంట వస్తుందని వారి సిద్ధాంతం. దక్షిణ భారతపు సాధారణ తరగతిగదులలో పుట్టిన ఈ ప్రయోగాన్ని ప్రపంచమంతటా విదేశభాషోపాధ్యాయులు నేటికీ అధ్యయనం చేస్తున్నారు.

నేటి ప్రశ్న

1968లో మద్రాసు రాష్ట్ర శాసనసభ ద్విభాషా విధానాన్ని ఆమోదించింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం 1వ తరగతి నుండి క్రమంగా తమిళం తప్పనిసరి అయి, 2015–16కు 10వ తరగతిని చేరింది. ప్రథమభాషగా ఉండిన తెలుగు ఐచ్ఛికస్థానానికి జరిగింది. భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించి కొన్ని సంవత్సరాలకు మినహాయింపులు పొందారు. తాము నివసించే రాష్ట్రభాషను నేర్వడం ఎవరికైనా మేలే. మాతృభాష చోటు కోల్పోవడమే వారి ఆవేదన. మరొకవైపు, పై తరగతులలో మార్కులు ఎక్కువ వస్తాయన్న ఆశతో ఫ్రెంచిని ఎన్నుకొనే విద్యార్థులూ ఈ రాష్ట్రంలో ఉన్నారు. భాషను మార్కుల లెక్కతో ఎన్నుకొనే చోట, అది నోటికి వచ్చినదా లేదా అని అడిగేవారు తక్కువ.

తెలుగు మాధ్యమంలో చేర్పిస్తే ఆంగ్లం రాదేమో అని తల్లిదండ్రులు జంకడం సహజమే. పైచదువులు, ఉద్యోగాలు ఆంగ్లంతో ముడిపడి ఉన్నవి గనుక ఆ భయాన్ని తేలికగా తీసుకొనరాదు. అయితే చరిత్ర చెప్పే సమాధానం వేరు. 'నాకు ఆకలిగా ఉంది' అనే తెలుగు వాక్యం 'నాకు'తో మొదలవుతుంది. తమిళంలోనూ 'ఎనక్కు' అనియే ఆరంభం. ఆంగ్లం మాత్రం 'ఐ' అని కర్తతో మొదలవుతుంది. తన వాక్యం తీరు తెలిసిన బాలికకు ఈ భేదం ఒక్క పాఠంలో చెప్పవచ్చు. అది తెలియని బాలిక మూడు భాషలలోనూ కంఠస్థం చేయవలసినదే. మాతృభాషను తొలగించినంత మాత్రాన పరభాష రాదు. నిత్యం పలికించి, వినిపించి, పని చేయించే ఉపాధ్యాయుడు ఉంటేనే వస్తుంది. ప్రతిపదార్థ పద్ధతి, వాక్యనిర్మాణ పద్ధతి కుంటుపడినది ఆ లోటు వల్లనే గాని, పిల్లల ఇంటిభాష వల్ల కాదు.

కనుక తెలుగు పాఠశాల ముందున్న కర్తవ్యం స్పష్టం. తెలుగును గట్టిగా నేర్పాలి. తమిళాన్ని ఇరుగుపొరుగు భాషగా ఆదరంతో నేర్పాలి. ఆంగ్లాన్ని మాట్లాడే భాషగా నేర్పాలి. ఇందుకు తగిన ఉపాధ్యాయులను, పుస్తకాలను సమకూర్చుకొనడంలో పూర్వవిద్యార్థుల, తల్లిదండ్రుల చేయూత అత్యవసరం. ఊరి పేరును మూడు లిపులలోను తప్పు లేకుండా వ్రాసి, ఆ ఊరి గురించి మూడు భాషలలోను నాలుగు మాటలు జంకు లేకుండా చెప్పగల పిల్లలు ఈ బడి గడప దాటి వెళ్ళిననాడు ఈ మహోత్సవం సార్థకమవుతుంది.