యజమాని ట్రాక్టరు, పరాయి చేను

గుడిబండ వైపు తొలకరి పడితే ట్రాక్టర్లకు నిద్ర ఉండదు. యజమాని వేరుశనగ చేను దున్ని తిరిగొస్తూ, దారిలో తెలిసినవాళ్ల చేలో గంటసేపు దున్ని ఆ బాడుగ జేబులో వేసుకునే డ్రైవరు ఏ ఊళ్లోనైనా ఉంటాడు. పొద్దున్నే ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి, తడి ఎంతవరకు ఉందో చూసి యజమాని సంగతి పసిగడతాడు. బండి ఇంటి ముందే ఉంది. మరి ఇది దొంగతనమా?

ప్రశ్న పాతదే. ఖజానా తరిగిపోయే దారులు చెబుతూ కౌటిల్యుడు, రాజు సొత్తును అధికారి వాడుకోవడాన్ని ‘ఉపభోగం’ అన్నాడు, కాజేయడాన్ని ‘అపహారం’ అన్నాడు. కాజేస్తే పన్నెండింతల జరిమానా. మామూలు సరుకు వాడుకుంటే ఆ సరుకూ, దాని విలువంత దండుగా. ఉతకడానికిచ్చిన బట్టలను బాడుగకు తిప్పిన రజకుడికి పన్నెండు పణాలు. వాడకాన్నీ దొంగతనాన్నీ ఇంత నిదానంగా విడదీసి చూసినందుకు ఆయనను మెచ్చుకోవాలి.

1860 నాటి శిక్షాస్మృతి దొంగతనాన్ని చరాస్తికే పరిమితం చేసింది. తిరిగిచ్చేద్దామనుకున్నాననే సాకు మాత్రం నిలవలేదు. 1952లో జోధ్‌పూర్ వైమానిక శిక్షణార్థి మెహ్రా అనుమతి లేకుండా హార్వర్డ్ విమానం తీసుకెళ్లి పాకిస్తాన్‌లో దిగాడు. కాసేపటికి తీసుకున్నా దొంగతనమేనని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. మన డ్రైవరుకు తాళం యజమానే ఇచ్చాడు కాబట్టి అతనికి వర్తించేది 405వ సెక్షను, నమ్మకద్రోహం. అప్పగించిన సొత్తును దురుద్దేశంతో, చెప్పినదానికి విరుద్ధంగా వాడుకోవడమూ అందులో నేరమే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 316.

మరి మనుషుల కష్టం? యూనివర్సిటీ కంప్యూటరును చెప్పకుండా వాడిన లండ్ అనే విద్యార్థిని 1977లో అమెరికాలోని వర్జీనియా సుప్రీంకోర్టు వదిలేసింది. యంత్రం గంటలూ సిబ్బంది శ్రమా దొంగిలించగల వస్తువులు కావంది. ఆ తర్వాత అక్కడ చట్టమే మార్చుకున్నారు. ఆ వాదనంతా యజమాని నష్టం చుట్టూ తిరిగింది. శ్రమ చేసినవాడి ఊసే లేదు, నాకు బాధ అక్కడే.

చెరువు పూడికకు పిలిచిన కూలీలను మేస్త్రీ తన మల్బరీ తోటకు తోలితే, కాదంటే రేపు పని దొరకదని వాళ్లు తలవంచుకుని వెళతారు. మన పల్లెలు తరతరాలుగా ఎరిగిన వెట్టి ఇదే. రాజ్యాంగం 23వ అధికరణంలో దాన్ని నిషేధించింది. ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమేనని 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డ్రైవరుది నమ్మకద్రోహం. మేస్త్రీది అంతకంటే పెద్ద నేరం, దాని మీద మొదటి ఫిర్యాదు హక్కు ఆ కూలీది.